దిబ్బ కట్టిన దీవి
(రాజమహేంద్రవరంలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

గోదావరి ఒడ్డున కూర్చున్నవారికి దీవి అంటే ఏమిటో చెప్పబోవడం కొంత సాహసమే. మీలో చాలామందికి లంకల్లో పొలాలున్నాయి, లేకపోతే లంకల్లో బంధువులున్నారు. వరద ఒండ్రు తెచ్చి వేస్తే లంక పుడుతుందని, మరో వరదకు అదే లంక ఒక పక్క కోసుకుపోతుందని, పట్టాలో ఉన్న నేల ఒక్కోసారి నీళ్లలో ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. మన లంకను నది వేస్తుంది, నదే తీసుకుంటుంది. ఈ రోజు నేను చెప్పబోయే దీవులకు నది లేదు, కొండ లేదు, ఒండ్రు మట్టి అనేదే లేదు. అక్కడి నేలను వేసినది చిన్న చిన్న ప్రాణులు. ఆ ప్రాణులు బతికి ఉన్నంతకాలం నేల పడుతూనే ఉంటుంది, అవి పోతే కొత్త నేల పడదు. పగడపు దిబ్బలు దీవులవాసులకు ఎందుకు ముఖ్యమని నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నారు. ఆ ప్రశ్న దీవి ఒకటీ, దాని పక్కన దిబ్బ ఒకటీ ఉన్నట్లు వినిపిస్తుంది. నిజానికి అక్కడ ఉన్నది దిబ్బ ఒక్కటే. దాని మీద పేరుకున్న పొడినే మనం దీవి అంటున్నాం. ఈ మాటను ఒక చోటు చూపించి వివరిస్తాను. ఆ చోటు లక్షద్వీప్.

కేరళ తీరం నుంచి సుమారు 200 కిలోమీటర్లు మొదలుకొని 440 కిలోమీటర్ల దూరం దాకా, అరేబియా సముద్రంలో చెదురుగా 36 దీవులున్నాయి. పేరులో లక్ష ఉందిగానీ మొత్తం నేల కలిపితే 32 చదరపు కిలోమీటర్లు. వాటిలో జనం నివసించేవి పది. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నవారు 64,473 మంది. ఈ నేల చాలా చోట్ల సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లకు మించి ఎత్తు ఉండదు. ఈ దీవులను ఆనుకుని, పగడపు దిబ్బ చుట్టుగోడలా నిలిచిన లోపలి భాగంలో, లోతు తక్కువైన సముద్రపు మడుగులున్నాయి. వాటిని లగూన్లు అంటారు. ఆ లగూన్ల విస్తీర్ణం సుమారు 4,200 చదరపు కిలోమీటర్లు, అంటే నేలకు నూట ముప్పై రెట్లు. అక్కడివారి పొలం, చెరువు, బజారు అన్నీ ఆ మడుగే అనుకోవచ్చు.

పగడం మనకు కొత్త వస్తువు కాదు. మంగళసూత్రంలో నల్లపూసలతో పాటు పగడం గుచ్చుకునే ఇళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో, సుంకం చెల్లించవలసిన సరుకుల్లో చందనం, కర్పూరం, ముత్యాలతో పాటు పగడాలూ ఉన్నాయి. అయితే ఆ ఎర్ర పగడం వేరు, దీవులు కట్టే పగడం వేరు. నగల పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు అంతగా చేరని చోట్ల పెరుగుతుంది. దానికి దిబ్బలు కట్టే శక్తి లేదు. దిబ్బలు కట్టే పగడానికి ఎండ కావాలి, వెచ్చని నీరు కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా తేటనీరు కావాలి. మన గోదావరి, కృష్ణ ముఖద్వారాల దగ్గర పగడపు దిబ్బలు లేకపోవడానికి కారణం అదే. మన నదులు మోసుకొచ్చే బురద, మంచినీరు వాటికి గిట్టవు. అలల నుంచి దీవులకు దిబ్బలు కాసే కాపలాను మన తీరానికి మడ అడవులు కాస్తున్నాయి. తుఫాను నాడు కోరింగ మడ అడవి ఏం చేస్తుందో కాకినాడ వైపు మత్స్యకారులను అడిగితే నాకంటే బాగా చెబుతారు.

ఇక ఆ ప్రాణి సంగతి. దాన్ని పాలిప్ అంటారు. చాలా జాతుల్లో అది మిరియపు గింజకు అటూ ఇటూగా ఉండే ఒక మెత్తని సంచి. పైన నోరు, నోటి చుట్టూ సన్నని చేతులు, అడుగున అది తనకోసం కట్టుకున్న సున్నపు గిన్నె. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియంతో అది ఆ సున్నాన్ని తయారు చేసుకుంటుంది. పాలిప్ తన పక్కనే తనలాంటి మరో పాలిప్‌ను మొలిపిస్తుంది, అలా వేలు, లక్షలు ఒకే సున్నపు కట్టడం మీద కాపురం ఉంటాయి. ఇంత పని చేయడానికి దానికి తిండి ఎక్కడిది? వెచ్చని తేటనీటిలో ఆహారం చాలా తక్కువ. అందుకే పాలిప్ తన ఒంటిలో శైవలాలను, అంటే కంటికి కనిపించని నాచు లాంటి జీవులను, అద్దెకు పెట్టుకుంటుంది. అవి ఎండలో చక్కెర తయారు చేసి, అందులో చాలా భాగం ఇంటి యజమానికి ఇస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా ఈ అద్దె రూపంలోనే వస్తుంది. పగడపు దిబ్బకు మనం చూసే రంగుల్లో ఎక్కువ భాగం ఈ అద్దెదారులవే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

బండలా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మల పగడాలు అంతకు పదిరెట్లు పెరగవచ్చు. ఇంత నెమ్మదిగా పెరిగేవి నడి సముద్రంలో, వేల మీటర్ల లోతున్న చోట దీవిని ఎలా కట్టాయి? ఎండ తగలని లోతులో అవి బతకవు కదా. ఈ చిక్కుముడిని విప్పినవాడు చార్లెస్ డార్విన్. 1842లో ప్రచురించిన పుస్తకంలో ఆయన చెప్పిన ఊహ ఇది: ముందు సముద్రంలో అగ్నిపర్వతం లేస్తుంది. దాని ఒడ్డు చుట్టూ పగడాలు అల్లుకుంటాయి. కాలక్రమంలో పర్వతం కుంగుతూ పోతుంది, పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పైకి కట్టుకుంటూ వస్తాయి. చివరికి పర్వతం మునిగిపోయి, నడుమ మడుగుతో పగడపు వలయం ఒక్కటే మిగులుతుంది. ఆ వలయాన్ని అటోల్ అంటారు. ఈ మాట మాల్దీవుల భాష నుంచి ప్రపంచమంతటికీ వెళ్లింది, కాబట్టి అది మన పొరుగువారి మాటే. డార్విన్ ఊహ నిజమా కాదా అని తేలడానికి వంద ఏళ్లకు పైగా పట్టింది. 1952లో పసిఫిక్‌లోని ఎనెవెటాక్ అటోల్‌లో అమెరికన్లు బోరు వేశారు. సుమారు 1,400 మీటర్ల దాకా పగడపు సున్నపురాయే వచ్చింది, ఆ తర్వాత అగ్నిపర్వతపు రాయి తగిలింది.

ఇక్కడ మీ ఊరికి సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం కింద ఒక వేడి కేంద్రం నుంచి లావా ఉప్పొంగి దక్కన్ పీఠభూమి మీద పరుచుకుంది. ఆ లావా ప్రవాహాల తూర్పు కొస మీ పక్కనున్న కాతేరులో, అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నాల్లో ఉంది. మీరు కంకర కొట్టించుకునే ఆ నల్లరాయే అది. భూభాగం ఉత్తరానికి జరిగిపోతూ ఉంటే, కదలకుండా ఉన్న ఆ వేడి కేంద్రం సముద్రం అడుగున వరసగా అగ్నిపర్వతాలను లేపుకుంటూ పోయిందనీ, లక్షద్వీప్, మాల్దీవులు, చాగోస్ దీవుల కింద ఉన్న శిఖరాల వరస అదేననీ భూగర్భ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అంగీకరించే వివరణ. ఆ పొయ్యి ఇప్పుడు రీయూనియన్ దీవి కింద ఉంది, ఇంకా మండుతూనే ఉంది. కాతేరు క్వారీలోని రాయికీ లక్షద్వీప్ పగడం నిలబడిన రాయికీ తల్లి ఒకటే అన్నమాట. పెద్ద తేడా ఏమిటంటే మీ రాయి మీద గోదావరి మట్టి పడింది, వారి రాయి మీద పగడం కట్టింది.

ఇసుక దగ్గరికి వద్దాం. నేను లక్షద్వీప్‌లోని అగత్తి దీవి ఒడ్డున ఒక పొద్దున్న భూతద్దం పట్టుకుని గంటసేపు కూర్చున్నాను. చూసినవారు ఏదో పోగొట్టుకున్నాననుకున్నారు. గోదావరి ఇసుకను భూతద్దంతో చూస్తే గాజు పలుకుల్లాంటి స్ఫటికాలు, మెరిసే అభ్రకం కనిపిస్తాయి, అంటే కొండలు అరిగి వచ్చిన రాతి నలుసులు. అగత్తి ఇసుకలో రాయి అన్నదే లేదు. విరిగిన పగడపు కొమ్మ ముక్క, దాని మీద సూదిమొన పొడిచినట్లు పాలిప్ గిన్నెల గుర్తులు, నత్తగుల్ల అంచు, సముద్రపు ముళ్లకాయ ముల్లు, గులాబీ రంగు నాచు పెంకు. పిడికెడు ఇసుకలో ప్రతి నలుసూ ఒకప్పుడు ఏదో ఒక ప్రాణి ఒంటిలో భాగమే.

ఆ పగడాన్ని ఇసుకగా మార్చే పనిలో పెద్ద చేయి చిలకచేపలది. వాటి పళ్లు కలిసిపోయి చిలక ముక్కులా ఉంటాయి. దిబ్బ మీద పెరిగే నాచు కోసం అవి సున్నపురాయిని కూడా కొరుకుతాయి. నీళ్లలో తల ముంచితే ఆ కొరికే చప్పుడు పటపటమని వినిపిస్తుంది. గొంతులోని మరో జత పళ్లతో ఆ రాయిని పిండి చేసి, నాచులోని సత్తువ తీసుకుని, మిగిలిన తెల్లని పొడిని వెనకనుంచి మేఘంలా వదిలేస్తాయి. మాల్దీవుల్లోని వక్కారు అనే దీవి దగ్గర శాస్త్రవేత్తలు లెక్కగట్టి 2015లో ప్రకటించిన దాని ప్రకారం, ఆ దిబ్బ మీద కొత్తగా తయారవుతున్న ఇసుకలో 85 శాతానికి పైగా చిలకచేపల చలవే. తెల్లని ఇసుక మీద చెప్పులు లేకుండా నడవడం ఎంత హాయిగా ఉందో అని రాసుకునే యాత్రికులు తాము దేనిమీద నడుస్తున్నారో తెలిస్తే ఏమనుకుంటారో అని నాకు నవ్వు వస్తుంది. నవ్వు అటుంచితే, ఈ చేపలను వలలు వేసి ఊడ్చేస్తే పోయేది కూర ఒక్కటే కాదు, ఇసుక సరఫరా కూడా ఆగుతుంది.

దిబ్బ చేసే రెండో పని అలను ఆపడం. నడి సముద్రం నుంచి వచ్చే పెద్ద అల దిబ్బ అంచుకు తగిలి అక్కడే విరిగిపోతుంది. ప్రపంచంలోని అనేక దిబ్బల కొలతలను కలిపి 2014లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, దిబ్బలు అలల శక్తిలో సగటున 97 శాతాన్ని తగ్గిస్తున్నాయి. లక్షద్వీప్‌లో ఇది కంటికి కనిపిస్తుంది. దీవికి ఒక కిలోమీటరు దూరంలో తెల్లని నురగ గీతలా అలలు విరుగుతూ ఉంటాయి, ఆ హోరు రాత్రంతా వినిపిస్తుంది, ఒడ్డున మాత్రం పిల్లలు మోకాలి లోతు నీళ్లలో ఆడుకుంటూ ఉంటారు. దిబ్బ చచ్చిపోతే ఆ గోడ వెంటనే కూలదు. పగడం చచ్చాక దాని మీద తొలిచే పురుగులు, స్పంజులు పని మొదలుపెడతాయి, తుఫానులు కొమ్మలను విరుస్తాయి, ఏళ్లు గడిచేకొద్దీ దిబ్బ పైభాగం చదునై లోతవుతుంది. నీటిమట్టం పెరుగుతున్న సముద్రం, తరుగుతున్న గోడ, ఈ రెండింటి మధ్య అల ఇంటి దాకా వస్తుంది.

మూడోది నీరు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించినది ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. నాలుగు దిక్కులా ఉప్పు సముద్రం ఉన్న, సగం కిలోమీటరు వెడల్పు మాత్రమే ఉన్న ఇసుక మేట మీద మంచినీటి బావి ఎలా ఉంటుంది? అక్కడ వాగు లేదు, చెరువు లేదు. వాన మాత్రం ఏటా సుమారు 1,600 మిల్లీమీటర్లు పడుతుంది. ఆ వాన ఇసుకలోనుంచి, రంధ్రాలున్న పగడపు రాయిలోనుంచి నేరుగా కిందికి దిగుతుంది. కిందనున్న ఉప్పునీటి కంటే వాననీరు తేలిక కాబట్టి దాని మీద తేలుతూ నిలుస్తుంది. రెండు నీళ్ల సాంద్రతల్లో తేడా నలభైలో ఒక వంతు. అందువల్ల మంచినీరు సముద్రమట్టం కంటే ఒక సెంటీమీటరు పైకి లేచి ఉంటే, కింద నలభై సెంటీమీటర్ల దాకా దిగి ఉంటుంది. భూతద్దం ఆకారంలో, నడుమ మందంగా, అంచుల్లో పలచగా, దీవి కింద ఒక మంచినీటి బిళ్ల తేలుతూ ఉంటుంది. దీన్ని గీబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరుతో పిలుస్తారు. కోనసీమలో బోరు కొంచెం లోతుకు దించితే ఉప్పునీరు తగిలిన అనుభవం మీలో కొందరికి ఉండే ఉంటుంది. సూత్రం అదే.

అగత్తిలో నేను బస చేసిన ఇంటి పెరట్లో బావి ఉంది. నిలబడి చేయి చాస్తే అందేటంత పైన నీరు. ఇంటి పెద్దాయన బావి గోడకు ఒక చోట వేలు పెట్టి చూపించి, మధ్యాహ్నం మళ్లీ చూడమన్నారు. చూస్తే నీరు జానెడు దిగింది. ఎవరూ తోడలేదు. సముద్రంలో పోటు తగ్గితే బావిలో నీరు తగ్గుతుంది, పోటు పెరిగితే పెరుగుతుంది, ఎందుకంటే ఆ మంచినీటి బిళ్ల సముద్రం మీదే తేలుతోంది. మోటారు పెట్టి గబగబా తోడితే బిళ్ల నడుమ చిల్లి పడి కిందనుంచి ఉప్పునీరు పైకి వస్తుంది, అందుకే ఆ ఇంట్లో చేతితోనే తోడుకుంటారు. మరుగుదొడ్ల గుంతల నీరు కూడా అదే ఇసుకలోకి, అదే బిళ్లలోకి దిగుతుందన్నది అక్కడివారి పెద్ద బెడద. దిబ్బ బలహీనపడి ఒడ్డు కోసుకుపోతే దీవి సన్నబడుతుంది, దీవి సన్నబడితే బిళ్ల పలచబడుతుంది. ఒక్క పెద్ద అల దీవి మీదుగా దాటినా చాలు, పై నుంచి ఉప్పు దిగి ఆ బావులు తేరుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఊరు మునిగేలోగానే తాగునీరు పోతుందన్నమాట.

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో లక్షద్వీప్‌లోని కవరత్తి దీవిలో రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రం పెట్టింది. అది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. పై సముద్రపు నీరు 28 డిగ్రీల వేడిలో ఉంటుంది, 350 మీటర్ల లోతున నీరు 12, 13 డిగ్రీలకు మించదు. గాలి తీసేసిన గదిలో పై నీటిని వదిలితే ఆ వేడికే ఆవిరి అవుతుంది, లోతు నుంచి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లబరిస్తే మంచినీరు. ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే అంత లోతు దొరకడం అటోల్‌లో తప్ప మామూలు తీరంలో సాధ్యం కాదు. మునిగిన పర్వతపు నిలువు వాలు ఇక్కడ మళ్లీ ఉపయోగపడింది. 2011లో మినికాయ్‌లోను, అగత్తిలోను ఇలాంటివే పెట్టారు.

ఇక తిండి, బతుకుతెరువు. లక్షద్వీప్ జీవనాధారం ట్యూనా చేప. మన ఉత్తరాంధ్ర తీరంలో సూర అంటారు, వారు చూర అంటారు, మాట ఒకటే. ట్యూనా దిబ్బ మీద బతికే చేప కాదు, నడి సముద్రంలో గుంపులుగా తిరిగేది. మరి దానికీ దిబ్బకూ సంబంధం ఏమిటి? అది తెలియాలంటే పడవ ఎక్కాలి. తెల్లవారుజామున పడవ ముందు లగూన్‌లోనే ఆగుతుంది. పగడపు బండల దగ్గర నలుచదరపు వలను నీళ్లలోకి దించి, నలగ్గొట్టిన చేప పిండిని పైన చల్లుతారు. వేలెడు పొడవున్న వెండి రంగు చిన్నచేపలు మూగగానే వల పైకి లాగుతారు. వాటిని ప్రాణంతోనే పడవ నడుమనున్న తొట్టిలో వేస్తారు. ఆ తొట్టి అడుగున పడవకే రంధ్రాలుంటాయి. వాటిగుండా సముద్రపు నీరు వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి చేపలు చావవు. అప్పుడు పడవ దిబ్బలోని సందుగుండా బయటి సముద్రంలోకి దాటుతుంది. పక్షులు మూగిన చోటు చూసి, బతికి ఉన్న చిన్నచేపలను గుప్పెళ్లతో విసురుతారు, పడవ వెనక నుంచి నీళ్లను జల్లులా చిమ్ముతారు. ట్యూనా గుంపు ఆకలితో వెర్రెత్తి పైకి వస్తుంది. పది పన్నెండు మంది వెదురు గెడలు పట్టుకుని వరసగా నిలబడతారు. ఒక్కో గెడకు ఒక తాడు, ఒక గాలం. ఆ గాలానికి ముల్లు ఉండదు. చేప పట్టగానే గెడను వెనక్కి విసిరితే చేప గాలిలో తిరిగి గాలం విడిచి పడవలో పడుతుంది, తాడు అదే ఊపులో మళ్లీ నీళ్లలోకి వెళుతుంది. ఒక చేపకు నాలుగైదు సెకండ్లు. గుంపు లోతుకు పోయేదాకా ఎవరూ మాట్లాడరు.

ఈ పద్ధతి తరతరాలుగా మినికాయ్‌లోనే ఉండేది. 1960లలో మరపడవలు వచ్చాక ప్రభుత్వ మత్స్యశాఖ దీన్ని మిగతా దీవులకు కూడా వ్యాపింపజేసింది. పట్టిన చేపను ఉప్పునీటిలో ఉడికించి, పొగపట్టి, కర్రలా అయ్యేదాకా ఎండబెడతారు. దాన్ని మాసు అంటారు, బయటివారు మాస్మీన్ అంటారు. ఇందులో అక్కడివారికి దక్కిన అసలు లాభం లెక్కల్లో కనిపించదు. ఊరంతా నడి సముద్రపు చేప మీద బతకడం వల్ల దిబ్బ మీది చేపల జోలికి అంతగా పోలేదు. చిలకచేపలు మిగిలాయి, నాచు మేసేవి మిగిలాయి. ట్యూనా దిబ్బను కాపాడింది, దిబ్బ నీడన పెరిగే ఎర చేప ట్యూనాను తెచ్చింది. ఇటీవలి ఏళ్లలో దిబ్బ చేపకు కూడా బయట మంచి ధర పలుకుతోంది, దాన్ని కొనేవారు దీవులకు వస్తున్నారు. ఈ మలుపు మంచిది కాదని నా అభిప్రాయం. కానీ పిల్లల చదువుకు డబ్బు కావలసిన మత్స్యకారుడితో ఆ మాట అనే హక్కు నాకెంత ఉందో ఆలోచించుకోవలసిందే.

పోటు తీసినప్పుడు ఆడవారు, పిల్లలు దిబ్బ పైభాగం మీద నడుచుకుంటూ గవ్వలు, నత్తలు ఏరుకుంటారు, సందుల్లో దాగిన ఆక్టోపస్‌ను పొడిచి తీస్తారు. గాలివానల కాలంలో పడవలు కదలని రోజుల్లో కూర అదే. గవ్వ అన్నాను కాబట్టి ఒక్క మాట. చేతిలో చిల్లిగవ్వ లేదంటాం. ఆ గవ్వ ఒకనాడు నిజంగానే డబ్బు. మాల్దీవుల లగూన్లలో ఏరిన గవ్వలు ఓడల్లో బెంగాలుకు, ఒడిశాకు వెళ్లి అక్కడ చెలామణీ అయ్యేవి. పద్నాలుగో శతాబ్దంలో మాల్దీవుల్లో కొంతకాలం ఉన్న ఇబ్న్ బతూతా ఈ గవ్వల వ్యాపారాన్ని రాసిపెట్టాడు. పగడపు దిబ్బ ఒకప్పుడు టంకశాల కూడా.

దీవుల జీవితాన్ని ఇలా చెప్పుకుంటూ పోతే అంతా పొందికగా ఉన్నట్లు అనిపించవచ్చు. అది నిజం కాదు. అగత్తి లగూన్‌లో సముద్రగడ్డి మైదానాలుండేవి. చేపపిల్లలు అందులో పెరిగేవి. రెండువేల సంవత్సరం దాటాక పచ్చ తాబేళ్లు అక్కడ విపరీతంగా పెరిగి ఆ గడ్డిని కుదుళ్లతో సహా మేసేశాయి. గడ్డితో పాటు చేపలూ తగ్గాయని మత్స్యకారులకు తాబేళ్ల మీద కోపం. తాబేలును చట్టం కాపాడుతోంది, ప్రపంచమంతా దాన్ని కాపాడమంటోంది, అక్కడివారు మాత్రం తమ వలలు ఖాళీగా వస్తున్నాయంటారు. పరిశోధకులు లెక్కలు చూసి, ఆ ఫిర్యాదులో నిజం ఉందనే రాశారు. ప్రకృతి పరిరక్షణ అనగానే చప్పట్లు కొట్టే మనలాంటి దూరపువారు ఇలాంటి చోట కాసేపు మౌనంగా ఉండడం మంచిది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న అద్దెదారుల సంగతి ఇప్పుడు చెబుతాను. సముద్రపు నీరు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి, నెల రోజులు అలాగే ఉంటే, పాలిప్ ఒంటిలోని శైవలాలు చక్కెరకు బదులు విషం తయారు చేయడం మొదలుపెడతాయి. పాలిప్ వాటిని బయటికి గెంటేస్తుంది. రంగంతా పోయి, పారదర్శకమైన ఒంటిలోనుంచి తెల్లని సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంది. పగడాలు తెల్లబారడమంటే ఇదే. అప్పటికి అది చావలేదు, ఆకలితో ఉంది. నీరు త్వరగా చల్లబడితే అద్దెదారులు తిరిగి వస్తారు. లేకపోతే కొన్ని వారాల్లో దాని మీద నాచు పట్టి గోధుమ రంగుకు తిరుగుతుంది, అదే చావు. లక్షద్వీప్‌లో ఇలా 1998లో, 2010లో, 2016లో జరిగింది. 2023 చివర మొదలై నెలల తరబడి సాగిన సముద్రపు నీటి వేడి వల్ల 2024లో మళ్లీ జరిగింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఆ ఏడాది దీన్ని నమోదు చేశారు.

1998 తర్వాత లక్షద్వీప్ దిబ్బలు చాలా చోట్ల పదేళ్లలోనే కోలుకున్నాయి. నాచు మేసే చేపలు మిగిలి ఉండడం అందుకు ఒక కారణమని, అప్పటినుంచి అక్కడే పనిచేస్తున్న మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ శాస్త్రవేత్తలు, రోహన్ ఆర్థర్ తదితరులు చెబుతూ వచ్చారు. కానీ కోలుకోవడానికి వ్యవధి కావాలి. అగత్తి, కడమత్, కవరత్తి దిబ్బల మీద 1998లో సుమారు 37 శాతం ఉన్న బతికిన పగడం, 2022 నాటికి 20 శాతం కంటే దిగువకు వచ్చిందని వారి దీర్ఘకాలిక పరిశీలన తేల్చింది. వేడికి తట్టుకునే రకాలు మిగులుతున్నాయి కాబట్టి ప్రతిసారీ చచ్చేది తగ్గుతోంది, అయితే మళ్లీ మొలిచేది కూడా తగ్గుతోంది. ఒక జబ్బు నుంచి లేచేలోగా మరో జబ్బు చేస్తే ఎంత గట్టి శరీరమైనా ఏం చేస్తుంది? వేడి పెంచిన పొగ ఆ దీవులది కాదు. అక్కడ ఉన్న వాహనాలెన్ని, కర్మాగారాలెన్ని?

దిబ్బ పోతే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, ఇప్పటికే జరిగినవి ఉన్నాయి. లక్షద్వీప్‌లోని బంగారం అనే అటోల్‌లో పరలి అనే నిర్జన దీవులున్నాయి. వాటిలో ఒకటి పూర్తిగా కోసుకుపోయి నీళ్లలో కలిసిందని 2017లో బయటపడింది. మాల్దీవుల రాజధాని మాలెలో జనం పెరిగి, దిబ్బ పైభాగాన్ని అంచుదాకా పూడ్చి ఇళ్లు కట్టారు, చుట్టుపక్కల దిబ్బల నుంచి పగడాన్ని పెకలించి గోడలకు వాడారు. 1987 ఏప్రిల్‌లో ఎక్కడో దూరాన పుట్టిన పెద్ద అలలు వచ్చి నగరాన్ని ముంచేశాయి. ఆ తర్వాత జపాన్ ప్రభుత్వ ధనసహాయంతో కాంక్రీటు దిమ్మెలతో నగరం చుట్టూ గోడ కట్టారు. 2004 సునామీలో ఆ గోడ మాలెను చాలా వరకు కాపాడింది, అది ఒప్పుకోవాలి. అయితే ఒక నగరానికి కట్టగలిగిన గోడను వెయ్యికి పైగా ఉన్న దీవులన్నిటికీ కట్టలేరు. కాంక్రీటు గోడ ఏటేటా అరుగుతుంది, దాని అంతట అది పెరగదు, ఇసుకను ఇవ్వదు, దాని సందుల్లో ఎర చేప పెరగదు. కవరత్తి ఒడ్డున కూడా ఇప్పుడు నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు పేర్చి ఉన్నాయి.

చట్టం ఉంది. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన వరసలో, స్థానం ఇచ్చారు. విహారయాత్రలో జేబులో వేసుకున్న పగడపు ముక్క కూడా నేరమే. మన తీరంలోనే ఒక ఊరి బీచి దుకాణంలో, ఆ ఊరు చెప్పను, తెల్లని పగడపు కొమ్మలకు రంగులు వేసి అమ్ముతుంటే చూశాను. అడిగితే ఆ కుర్రవాడు అది రాయి కదండీ అన్నాడు. ఆ మాటలో అతని తప్పు పెద్దగా లేదు, మనం బడిలో ఎవరికీ అది ప్రాణి అని చెప్పలేదు.

ముగించే ముందు లక్షద్వీప్‌లోని కల్పేని గురించి చెప్పాలి. 1847 ఏప్రిల్‌లో ఒక పెనుతుఫాను కల్పేని దీవిని, ఆంద్రోత్‌ను ఊడ్చేసింది. ఇళ్లు, కొబ్బరి తోటలు పోయాయి, చాలామంది చనిపోయారు. ఆ రోజు సముద్రం దిబ్బను విరిచి, ఆ పగడపు ముక్కలను తెచ్చి దీవి తూర్పు, ఆగ్నేయ ఒడ్డుల వెంట గట్టుగా పోసింది. నూట డెబ్భై ఏళ్లు దాటినా ఆ గట్టు ఇంకా ఉంది. దాని మీద నడిస్తే కాళ్ల కింద పగడపు కొమ్మలు పింగాణీ ముక్కల్లా గలగలమంటాయి. దీవిని ధ్వంసం చేసిన తుఫానే దీవికి కరకట్ట కూడా వేసి పోయింది, ఎందుకంటే అప్పుడు విరిగి ఒడ్డుకు రావడానికి బయట కావలసినంత పగడం ఉంది. 2017 డిసెంబరులో ఓఖి తుఫాను అదే కల్పేనిని, మినికాయ్‌ని తాకి వెళ్లింది. ఇక మీదట వచ్చే తుఫాను ఆ ఒడ్డుకు ఏం తెచ్చి పోస్తుందనేది, ఈ ఇరవై ముప్పై ఏళ్లలో దిబ్బ మీద ఎంత పగడం మొలుస్తుందన్న దాని మీద ఉంది.

నాకిచ్చిన గంట దాటిపోయింది. వెనక వరసలో ఒక అమ్మాయి ఇందాకటి నుంచి చేయి ఎత్తి ఉంచింది, ముందు ఆమె ప్రశ్న విందాం.